మైకమ్మ రాసిన కుర్చీ ముచ్చట

అల్లుడికి రెండో పెళ్ళి దగ్గరుండి చేయించే అత్తగారిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే మైకమ్మను చూడాలి. ముప్పై ఏళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పిన మనిషి. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో! కూతురు పోయి ఆరేళ్ళయింది. వడ్రంగి పని చేసే అల్లుడు ఆవిడను వెళ్ళనివ్వలేదు, ఆవిడ అల్లుణ్ణి పస్తుండనివ్వలేదు. ఎదురు వీధి టైలరమ్మ మీద అల్లుడికి మనసైందని మొదట కనిపెట్టిందీ ఆవిడే. చొక్కాకి ఉన్న గుండీలు తెంపుకుని మరీ కుట్టించుకోవడానికి వెళ్తున్నాడు మరి!

"పెళ్ళి చేసేసుకో నాయనా, చొక్కాలైనా మిగులుతాయి," అంది.

పెళ్ళి కుదిరింది. సంతకాలు పెట్టేసి భోజనాలకు లేవడమంటే ఇద్దరికీ చప్పగా అనిపించింది. రెండు బతుకులు ఒకటవుతున్నట్టు నలుగురి కళ్ళకూ కనబడే పని ఒకటుండాలన్నారు. రెండు రంగుల ఇసుక ఒకే సీసాలో పోసే ముచ్చట టైలరమ్మ ఫోనులో చూపించింది.

"ఇసుకా? ఇల్లు కడతారా ఏంటి?" అని మైకమ్మ కొట్టిపారేసింది.

చివరికి తేల్చిందీ ఆవిడే. అల్లుడు మడతకుర్చీకి చట్రం చెయ్యాలి. టైలరమ్మ దానికి గుడ్డ కుట్టాలి. హాల్లో అందరి ముందూ రెండూ కలిపి కుర్చీ చేసి, ఒకరినొకరు అందులో కూర్చోబెట్టాలి. అప్పుడు పలికే మాటలు రాసే పని కూడా ఆవిడ నెత్తినే పడింది.

మొదట రాసింది ఇలా ఉంది: "వధువుగారికి గమనిక. గుడ్డతో సహా ఎడమవైపు నుంచి రావలెను. చట్రం సిద్ధముగా ఉన్నది."

అల్లుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అత్తయ్యా, ఇది పెళ్ళా, బస్సా?"

"నువ్వు రాయి చూద్దాం!"

అతను చెవి మీది పెన్సిలు తీసి, గంటసేపు కూర్చుని, "బాగుంటాం" అని రాశాడు. గంటకి ఒక్క మాట! ఇక లాభం లేదని మైకమ్మ కాగితం పట్టుకుని పొద్దున్న వడ్రంగి కొట్టుకీ, సాయంత్రం టైలరు కొట్టుకీ తిరిగింది. ఇద్దరినీ మాట్లాడించి, వాళ్ళ నోటి మాటల్లోంచే ఏరి రాసింది.

కర్ర నేను చెక్కాను. నీ బరువు మోస్తుంది.

గుడ్డ నేను కుట్టాను. నీ అలుపు తీరుస్తుంది.

విడివిడిగా ఉంటే ఇవి కుర్చీ కావు. రా, కూర్చో.

రాస్తూ నవ్వుతూనే ఉంది గానీ, పెళ్ళయిన మర్నాడే చెల్లెలి ఊరు వెళ్ళిపోవాలని ఆవిడ నిశ్చయించుకుంది. చెల్లెలు ఒక గది కూడా ఖాళీ చేయించింది. కొత్త కాపురంలో పాత పెళ్ళాం తల్లి ఎందుకు, పానకంలో పుడకలా? ఈ సంగతి అల్లుడితో గానీ టైలరమ్మతో గానీ చెప్పలేదు. చెప్పాలనుకున్నప్పుడల్లా కాగితం తీసి ఇంకో మాట దిద్దేది.

పెళ్ళికి ముందురోజు పొద్దున్న వడ్రంగి కొట్లో ఒకసారి అంతా చేసి చూసుకున్నారు. గుడ్డ చట్రానికి అతికినట్టు సరిపోయింది. టైలరమ్మ కూర్చుంది. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి! ఆమెకన్నా జానెడు పొడుగున్న పెళ్ళికొడుకు కూర్చుని, లేవలేక చేతులు చాచాడు. ఆడవాళ్ళిద్దరూ చెరో రెక్కా పట్టి లాగారు.

"ఎవరి కొలత తీశావయ్యా?" అంది మైకమ్మ.

అతను తల గోక్కున్నాడు. "రోజూ టీ తెచ్చి, 'ఏదీ చూద్దాం' అని చట్రం అడ్డకర్ర మీద కూర్చున్నది మీరేగా అత్తయ్యా! మీ కాళ్ళు నేలకానేదాకా కోస్తూ పోయాను."

టైలరమ్మ నాలుక్కరుచుకుంది. "నేనూ అంతే పెద్దమ్మగారూ. మాటలు రాసుకోడానికి మీరొచ్చినప్పుడల్లా మీ వెన్నుకే టేపు పెట్టాను."

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! కాళ్ళు పొడుగు చెయ్యి."

"కోసిన కర్ర పెరుగుతుందా?"

"అయితే కొత్తది చెయ్యి. ఇంకా రోజంతా ఉందిగా."

అతను రంపం అందుకోబోతే టైలరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "కుర్చీకేం, బంగారంలా ఉంది. మాటలే మారుద్దాం. కూర్చునేది పెద్దమ్మగారని రాద్దాం."

మైకమ్మకు ఒళ్ళు మండింది. "మీ ఇద్దరి మధ్యా నేనెందుకే? ఎల్లుండి మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నాను!" అనేసింది.

"ఎవర్నడిగి?" అన్నాడు అల్లుడు. ఆరేళ్ళలో ఆవిడ మీద గొంతు పెంచడం అదే మొదలు.

టైలరమ్మ గొంతు పెంచలేదు. "ఈయన్ని చేసుకుంటానని ఎందుకన్నానో తెలుసా? పోయిన పెళ్ళాం తల్లిని ఆరేళ్ళు కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నవాడు నన్ను చూసుకోడా అని. నేను చూసి మెచ్చిన ఇంట్లో మీరున్నారు. మీరు లేకపోతే అది వేరే ఇల్లు."

మైకమ్మ చెప్పులేసుకుంది. కాగితం పట్టుకుని ఇంటికి వెళ్ళింది. చివరనున్న "రా, కూర్చో" కొట్టేసింది గానీ, ఆ చోట ఏం రాయాలో రాత్రికి కూడా తోచలేదు. ఖాళీగానే వదిలేసింది.

మర్నాడు హాలు నిండింది. చెల్లెలు ముందు వరుసలో కూర్చుంది, అక్కను వెంటబెట్టుకు వెళ్ళడానికే వచ్చింది. సంతకాలయ్యాయి. వాళ్ళిద్దరూ తమ మాటలు తడబడకుండా చెప్పారు. గుడ్డ చట్రంలోకి ఎక్కింది, కుర్చీ నిలబడింది. మైకు మైకమ్మ చేతిలో ఉంది.

"ఇప్పుడు ఈ కుర్చీలో..." అని ఆగిపోయింది.

కుర్చీకి చెరోపక్కా నిలబడి ఇద్దరూ ఆవిడ వైపే చూస్తున్నారు. ఎవరూ సైగ చెయ్యలేదు, పిలవలేదు. అడిగేదేదో నిన్ననే అడిగేశారు. మైకమ్మకు సంతోషంగా ఉంది, ఎంత సంతోషంగా ఉందంటే, నలుగురి ముందూ ముక్కు ఎగబీల్చింది.

"ఈ కుర్చీలో కూర్చునేది నేను," అంది.

మైకు అల్లుడి చేతిలో పెట్టి, వచ్చి కూర్చుంది. కాళ్ళు నేలకు ఆనాయి. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లను మించిన గొంతుతో, మైకు లేకుండానే, ముందు వరుసకు వినబడేలా కేకేసింది:

"ఒసేయ్ చెల్లీ! ఆ గది ఇంకెవరికైనా ఇచ్చుకోవే!"