గడప దాటిన ముందు చక్రం

మజ్జిగలోని ఆ అల్లం ముక్క ఇంకా పంటి పక్కనే ఉంది, కొరకకూడదు, కొరికితే అయిపోతుంది, పేరేసంద్ర దాకా అయినా దీన్ని ఇలాగే నాలుక కింద దాచుకోవాలి, జలజ తన చేత్తో దంచి వేసిన అల్లం, బాగేపల్లి వదిలి ఇంత దూరం వచ్చాక నా దగ్గర మిగిలిన జలజ ఇదొక్కటే, అబ్బా ఈ గాలి, పొద్దున వస్తున్నప్పుడు వీపు మీద చెయ్యి వేసి తోసిన గాలే ఇప్పుడు రొమ్ము మీద చెయ్యి పెట్టి వెనక్కి పో వెనక్కి పో అంటోంది, దానికేం తెలుసు, ఆషాఢం పోయేదాకా నేను ఆ ఇంటి వైపు రాకూడదని జలజ వాళ్ళ అవ్వ తీర్పు చెప్పేసింది, తప్పు నాది కాదు, నా కాలిది కూడా కాదు, ఈ సైకిలు ముందు చక్రానిది.

పెళ్ళయిన మొదటి ఆషాఢంలో కొత్త కోడలు అత్తగారి ఇంట్లో ఉండకూడదట, కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదట, బెంగళూరులో బి.ఎ. చదివి చిక్కబళ్ళాపురం బడిలో పాఠాలు చెప్పే నేను ఈ మాట విని నవ్వాను, ఆ నవ్వు పూర్తి కాకముందే జలజ వాళ్ళ నాన్నతో బస్సెక్కి పుట్టింటికి వెళ్ళిపోయింది, ఆ సాయంత్రం ఇల్లంతా వెతికితే దువ్వెనలో ఒక పొడుగాటి వెంట్రుక దొరికింది, దాన్ని వేలికి చుట్టుకుని కూర్చున్నాను, అమ్మ చూసి ఏమిరా అంది, ఏం లేదమ్మా అన్నాను, అప్పుడు తోచింది, గడప తొక్కకూడదన్నారు గాని అరుగు మీద కూర్చోకూడదని ఎవరూ అనలేదే, అంతే, ఆదివారం తెల్లవారుతూనే బయలుదేరడం, బాగేపల్లిలో అరుగు ఎక్కడం, లోపల జలజ, బయట నేను, మధ్యలో పసుపు పూసిన గడప, దాని మీదుగా మజ్జిగ చెంబు చేతులు మారుతుంది, వేళ్ళు తగులుతాయి, వేళ్ళు తగలకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు, ఆ ఒక్క తాకిడి నాకు మళ్ళీ ఆదివారం దాకా సరిపోతుంది, సరిపోదు, సరిపోయిందని చెప్పుకుంటాను.

మా డ్రిల్ మేష్ట్రు తిమ్మరాయప్పగారికి మాత్రం ఇదంతా పండగ, శ్రావణంలో జరిగే సైకిలు పందేనికి నన్ను తయారు చేస్తున్నది ఆయనే, చిక్కబళ్ళాపురంలో మొదలుపెట్టి చింతామణి దాకా పోయి మళ్ళీ చిక్కబళ్ళాపురం చేరాలి, పెళ్ళయ్యాక నేను పందెం కోసం సైకిలు ఎక్కనే లేదు, గోనెపట్టా కప్పి పెరట్లో పెట్టాను, తెల్లవారి జలజ కాఫీ కలిపే చప్పుడు వింటూ పడుకునే సుఖం ఉండగా ఎవడు లేచి తొక్కుతాడు, ఏమప్పా పురుషోత్తమా, పెండ్లి నీకయినాదా నీ కాళ్ళకయినాదా అని ఆయన వీధిలో అందరి ముందూ అరిచేవారు, ఇప్పుడేమో ఆదివారాలు నేను పోయివచ్చే దూరం చూసి మురిసిపోతున్నారు, ఈ నెల నీకు మేష్ట్రు నేను కాదప్పా, ఆషాఢం, అంటారు, నిన్న మాత్రం చక్రానికి గాలి కొడుతూ కొడుతూ ఆగి, అయితే ఒకటి, పందెం బాగేపల్లికి కాదు గదా, చింతామణిలో నీకోసం మజ్జిగ పట్టుకోని ఎవరు నిలబడుంటారు అన్నారు, నవ్వుతూనే అన్నారు, నేనూ నవ్వాను, పోయిన ఏడు పందెంలో శిడ్లఘట్ట దాటగానే నేను దిగిపోయిన సంగతి మేమిద్దరమూ ఎత్తం, కాళ్ళు నొప్పి అని అందరికీ చెప్పాను, కాళ్ళకేం కాలేదు, ముందు ఖాళీ రోడ్డు కనిపించింది, ఎవరికోసం అని మనసు అడిగింది, దిగేశాను.

ఈ పూట తుంపర, సైకిలు కూడా అరుగు మీదికి ఎక్కించాను, మజ్జిగ తాగాను, చెంబు తిరిగిచ్చాను, జలజ గడప లోపలే నిలబడి సైకిలు గంట కేసి చూసింది, ఒక్కసారి కొట్టనా అంది, చెయ్యి చాచింది, అందలేదు, నేను సైకిలు కొంచెం ముందుకు నెట్టాను, ఇంకా అందలేదు, ఇంకొంచెం, ట్రింగ్, ఆ ట్రింగుకి ఆమె ముఖం ఎంత విప్పారిందంటే ఇంకొకసారి వినాలనిపించింది, ట్రింగ్ ట్రింగ్, వంటింట్లోంచి అత్తమ్మ వచ్చేసరికి ముందు చక్రం గడప దాటి లోపలికి పోయి ఉంది, ఎర్రటి నేల మీద తడి టైరు గీత, అయ్యో అయ్యో, లోపలికొచ్చేసినాడే అల్లుడు అని అత్తమ్మ గుండెలు పట్టుకుంది, నేను బయటే ఉండాను గదత్తమ్మా, చక్రం ఒకటే వచ్చినాది అన్నాను, అవ్వ మంచం మీద నుంచే, ఉండండే, అరవద్దండి అంది, వక్క నములుతూ చాలాసేపు చక్రాన్ని చూసింది, ఏమప్పా, ఆ చక్రం దానంతట అదే తిరుగుతాదా, లేదవ్వా, తొక్కాల, ఏంతో తొక్కుతావు, కాలితో, అట్లయితే అది నీ కాలే గదప్పా, చదువుకున్నోడివి నువ్వే చెప్పు, ఏం చెప్పను, బి.ఎ. మొత్తం తిరగేసినా దీనికి ఎదురు లేదు, జలజ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది, అవ్వ తీర్పు పూర్తి చేసింది, కాలు లోపలికొచ్చినాది, ఇంక శ్రావణం దాకా ఈ తట్టు రావద్దు నాయనా, అత్తమ్మకి కీడు, జలజ నవ్వు అక్కడ ఆగిపోయింది, కొంగు మాత్రం నోటి దగ్గరే ఉండిపోయింది.

బయలుదేరేటప్పుడు గడప దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది, మీరు నేనుండే తట్టుకే తొక్కుతారా, అదేం ప్రశ్న అన్నాను, శ్రావణంలో నేను మనింటికి వచ్చేస్తాను గదా, అప్పుడు యాడికి తొక్కుతారు, మళ్ళీ గోనెపట్టా కిందికేనా, పోయిన ఏడు దిగిపోయినారంట గదా, తిమ్మరాయప్పగారి భార్య చెప్పినాది, నాకు మీరు గెలవకపోయినా పర్లేదు, దిగొద్దు, అంతే, ఆ మాట చెప్పి తడి గీతని దాటుకుని లోపలికి పోయింది, తొక్కకుండా, జాగ్రత్తగా దాటి.

నేనుండే తట్టుకే, నేనుండే తట్టుకే, పెడలు తిరిగినప్పుడల్లా అదే మాట, ఈ ఎత్తు మొదలైంది, కాళ్ళు బరువెక్కాయి, వచ్చే ఆదివారం ఏం చెయ్యాలి, ఆ తర్వాతి ఆదివారం, చింతామణి రోడ్డులో ఎవరు, ఎవరూ లేరు, అదిగో ముందు బొగ్గు బస్సు, యుద్ధం పుణ్యమా అని పెట్రోలు లేక వెనకాల బొగ్గు పొయ్యి కట్టుకుని రొప్పుతోంది, ఎత్తు ఎక్కలేక సగం మంది దిగి తోస్తున్నారు, మసి ముఖం కండక్టరు నన్ను చూసి, ఏమి సార్, గాలి శానా ఉండాది, సైకిలు టాపు మీదికి ఎత్తేస్తాము, వచ్చేయండి అన్నాడు, తోసేవాళ్ళలో ఒకాయన, ఆయప్ప మనసంతా అత్తగారింట్లో ఉండాది, ఎక్కించుకుంటే మన బస్సు వెనక్కే పోతాది అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఎక్కేయాలనిపించింది, నిజంగా, ఇవాళ ఎక్కితే ఎవరు చూడొచ్చారు, జలజ చూడదు, మేష్ట్రు చూడరు, పందెం రోజు కూడా ఇలాగే ఒక చోట ఇలాగే అనిపిస్తుంది, కాలు నేలకు ఆనబోయింది,

దిగొద్దు అంది కదూ, కాదు, అంతకు ముందు, జ్యేష్ఠంలో, బడి మైదానంలో, ఇంకా ఎవరూ లేవని పొద్దుటి పూట, గోనెపట్టా కింది సైకిలు ఒక్కరోజు బయటికి తీసి జలజకి నేర్పిస్తున్నాను, చీర కుచ్చెళ్ళు దోపుకుని, రెండు చేతులూ బిగబట్టి, వదలొద్దండీ వదలొద్దండీ అని కేకలు, నేను సీటు పట్టుకుని వెనకాల పరుగు, వదలను వదలను అంటూనే ఎప్పుడో వదిలేశాను, వదిలేసి నిలబడి చూస్తున్నాను, ఆమె తొక్కుతూనే ఉంది, వదలొద్దండీ అని గాలితో చెబుతూ నేను లేని నాతో మాట్లాడుతూ మైదానం చివరిదాకా తొక్కింది, అక్కడ వెనక్కి తిరిగి చూసి, నేను అంత దూరంలో ఉన్నానని తెలిశాక పడింది, పడి అలాగే కూర్చుని ఒకటే నవ్వు, మోచేయి దోక్కుపోయినా నవ్వు, నేను పరుగెత్తుకుంటూ పోయాను, ఎప్పుడు వదిలేసినారు అంటే చెప్పలేదు, వదిలిన చోటు నాకూ గుర్తులేదు,

బస్సు వాళ్ళ కేకలు వినబడుతున్నాయి, వెనక నుంచి, ఎప్పుడు దాటాను, ఎత్తు అయిపోయింది, అక్కడ పేరేసంద్ర అంగళ్ళ పొగ, ఎదురుగాలి అలాగే ఉంది, జలజ నా వెనక బాగేపల్లిలో ఉంది, తొక్కే కొద్దీ ఇంకా దూరమవుతోంది, అయినా కాళ్ళు తిరుగుతున్నాయి, ఆమె ఉండే తట్టుకు కాదు, ఆమె లేని తట్టుకే తిరుగుతున్నాయి, వచ్చే ఆదివారం చింతామణి రోడ్డు, అక్కడ ఎవరూ ఉండరు, ఉండనక్కరలేదు, నాలుక కింద వెతికాను, అల్లం ముక్క లేదు, ఎప్పుడు కొరికానో, ఎప్పుడు మింగానో తెలియదు, కారం మాత్రం నోరంతా ఉంది, ముక్క అయిపోయినా కారం పోలేదు, ఇంటిదాకా పోదు.