నా గొంతుతో మాట్లాడిన మనిషి

"మీరే కదండీ మేడమ్, శుక్రవారం ఫోన్ చేసి సీటు వద్దన్నారు?"

అవతలున్న స్కూలు గుమాస్తా గొంతులో విసుగు లేదు, అబద్ధమూ లేదు. అదే నన్ను భయపెట్టింది. పొద్దుటి నుంచి ఈ మాట వినడం ఇది మూడోసారి. మూడు స్కూళ్ళు, మూడు గొంతులు, ఒకటే మాట.

"నేను చేయలేదండీ."

"మీ నంబరు నుంచే వచ్చింది. మీ పేరే చెప్పారు. పాప పుట్టిన తేదీ, దరఖాస్తు నంబరు, అన్నీ తడుముకోకుండా చెప్పారు. ఆ సీటు వేరేవాళ్ళకి ఇచ్చేశాం మేడమ్."

ఫోన్ పెట్టేసి గడియారం చూశాను. పదకొండూ పది. ఇంకో పన్నెండు రోజుల్లో మేం ఊరు మారుతున్నాం. ఇంట్లో సగం సామాను అట్టపెట్టెల్లోకి ఎక్కేసింది. మా ఆయన కొత్త ఆఫీసులో చేరే తేదీ కూడా ఖాయమైంది. కానీ పన్నెండేళ్ళ మా అమ్మాయికి అక్కడ స్కూలు లేదు. నాలుగు స్కూళ్ళలో సీట్లు సంపాదించాను. వాటిలో మూడు, నా నోటితోనే, నేను వదిలేసుకున్నానట.

"అమ్మాయ్, మొదలుపెడతావా?" అన్నారు కుర్చీలో కూర్చున్న పెద్దాయన. "నాకు మా ఆవిడ మాట తప్ప అన్నీ వినిపిస్తున్నాయి. ఆవిడేమో పరీక్ష చేయించుకోమని ఒకటే పోరు."

పక్కన కూర్చున్న ఆవిడ ఆయన మోచేతి మీద ఒక్కటిచ్చింది. నవ్వాలి కాబట్టి నవ్వాను.

నేను చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేస్తాను. పదకొండేళ్ళుగా ఇదే పని. పేషెంటుని చిన్న గదిలో కూర్చోబెట్టి, తలుపు బిగించి, బయట యంత్రం ముందు కూర్చుని సన్నటి శబ్దాలు పంపిస్తాను. వినిపించినప్పుడల్లా వాళ్ళు మీట నొక్కాలి. ఆ గదిని మేం 'పెట్టె' అంటాం. దాని గోడల నిండా స్పాంజి. లోపల మాట గోడకి తగిలి తిరిగి రాదు. అన్న చోటే చచ్చిపోతుంది. కొత్తవాళ్ళు రెండు నిమిషాలకే కంగారుపడి తలుపు కొడతారు. నాకు మాత్రం అది ఇష్టం. సాయంత్రం ఆఖరి పేషెంటు వెళ్ళాక, తుడిచే నెపంతో అయిదు నిమిషాలు లోపల కూర్చుంటాను. అక్కడ ఏం చేస్తానో ఎవరికీ తెలియదు.

ఆ పెద్దాయన రిపోర్టు రాస్తూనే నాలుగో స్కూలుకి ఫోన్ చేశాను. నా పట్టికలో మొదటి స్థానం దానిదే.

ఆ పట్టిక గురించి చెప్పాలి. "స్కూలు సంగతి నువ్వు చూడు, మిగతాదంతా నేను చూసుకుంటాను," అన్నారు మా ఆయన. మిగతాదంతా అంటే బదిలీ కాగితం మీద ఒక సంతకం. నేను నాలుగు నెలలు ఆదివారాలన్నీ పోసి పదిహేడు గడుల పట్టిక గీశాను. ఒక్కో టీచరుకి ఎంతమంది పిల్లలు, ఏడాదిలో ఎంతమంది టీచర్లు మానేశారు, లైబ్రరీకి తాళం ఉందా, ఆడపిల్లల బాత్రూములకి గడియలు ఉన్నాయా. రెండుసార్లు రైలెక్కి వెళ్ళి చూసొచ్చాను. ఒక స్కూల్లో అయితే నేను క్లాసులోకి వెళ్ళినా నలభైమంది పిల్లల్లో ఒక్కరు తలెత్తి చూడలేదు. నలభై పెన్నులు ఒకేసారి గీకుతున్న చప్పుడు, అంతే. దాన్ని ఆ గుమ్మంలోనే పట్టికలోంచి కొట్టేశాను. నా కష్టాన్ని మా ఆయన స్నేహితులకి చూపించి, "మా ఆవిడ స్కూళ్ళ మీద పరిశోధన చేస్తోంది," అని నవ్వారు. మా అత్తగారు, "మేం ఏ పట్టికలు చూసి పెంచామమ్మా పిల్లల్ని? నీదంతా చోద్యం," అన్నారు.

పదిహేడు గడులు. నా ఉద్యోగానికి మాత్రం అందులో ఒక్క గడీ లేదు. పిల్లలకి వినికిడి పరీక్షలు చేసే విభాగం మొదలుపెట్టి నాకు అప్పగిస్తానని డాక్టరమ్మ అన్న వారంలోనే ఈ బదిలీ వచ్చింది. ఆ మాట చెబితే మా ఆయన అన్నం కలుపుకుంటూ, "చెవులు అన్ని ఊళ్ళలోనూ ఉంటాయి," అన్నారు. బాగా చెప్పాననుకుని తనే నవ్వుకున్నారు కూడా. రాజీనామా కాగితం రాసి మూడు వారాలైంది. ఇంకా నా సంచీలోనే ఉంది.

"మేడమ్, మీరు శుక్రవారం రద్దు చేయమన్నారు," అన్నాడు నాలుగో స్కూలు గుమాస్తా. "మా పద్ధతి ప్రకారం నాలుగు రోజులు ఆగి రద్దు చేస్తాం. ఇవాళ సాయంత్రం నాలుగింటికి అయిపోతుంది. ఆలోపు వద్దంటే ఆపుతాను. ఆపమంటారా?"

ఇప్పుడే ఆపండి అనాలి. నోరు తెరిచాను. తీరా వచ్చింది వేరే మాట. "మావారిని అడిగి చెప్తాను."

"మా ఫోన్లన్నీ రికార్డవుతాయి మేడమ్. ఆ రోజు మాటలు పంపిస్తాను, మీరే వినండి."

మా ఆయనకి ఫోన్ చేశాను. అంతా విని కొట్టిపారేశారు.

"నువ్వే చేసి మర్చిపోయుంటావు. ఈమధ్య నీకన్నీ మరుపే. మొన్న గ్యాస్ కట్టేయలేదు, గుర్తుందా?"

"మూడు స్కూళ్ళకి ఫోన్ చేసి మర్చిపోతానాండీ?"

"మరి నీ ఫోన్లో నీ గొంతుతో దయ్యం మాట్లాడిందా? ఉండు, నాలుగింటిలోపు నేనే వస్తున్నా."

రికార్డింగ్ వచ్చేసరికి మూడున్నరయింది. పెట్టెలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఫోన్‌కి ఇయర్‌ఫోన్స్ తగిలించుకుని విన్నాను.

నేనే. నా మెత్తదనం, మాటకి ముందు నేను తీసే చిన్న ఊపిరి, చివర్లో నా 'అండీ'. "మాకు సీటు వద్దండీ. మేం ఆ ఊరు రావడం లేదు." గుమాస్తా, "ఒకసారి సారుతో మాట్లాడతారా?" అని అడిగాడు. ఆ మనిషి, "అక్కర్లేదండీ, నేను చెప్తున్నాను కదా," అంది.

అక్కడ ఆపేశాను. గొంతు నాదే. ఆ మాట నాది కాదు. పద్నాలుగేళ్ళ కాపురంలో 'మావారిని అడిగి చెప్తాను' అనకుండా నేను ఒక్క ఫోనూ పెట్టలేదు. నాలా మాట్లాడుతూ, ఎవరినీ అడగని ఆ మనిషి ఎవరు?

మళ్ళీ విన్నాను. ఈసారి గొంతుని వదిలేసి, పదకొండేళ్ళ అలవాటు కొద్దీ దాని వెనక ఏముందో విన్నాను. ఇల్లయితే ఫ్యాను తిరగాలి, ఫ్రిజ్ గురగురలాడాలి. రోడ్డయితే హారన్లు. ఇక్కడ ఏమీ లేదు. మాటకీ మాటకీ మధ్య చీకట్లో చెయ్యి పెట్టినట్టుంది. ఆ గొంతు వెనక గదే లేదు.

మెల్లగా తలెత్తి నా చుట్టూ ఉన్న స్పాంజి గోడల్ని చూశాను. అలాంటి నిశ్శబ్దం ఈ ఊళ్ళో ఒక్కచోటే ఉంది. నేను అందులోనే కూర్చున్నాను.

గాజు కిటికీలోంచి బయటికి చూశాను. మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చేసింది. రోజూలాగే నా కుర్చీలో కూర్చుని, పుస్తకం ముందు పెట్టుకుని, యంత్రానికున్న నా హెడ్‌ఫోన్స్ తలకి తగిలించుకుంది. నన్నే చూస్తోంది. 'నా గొంతు నాకే అప్పజెబుతుంది ఈ పిల్ల,' అని మా అత్తగారు మురిసిపోయే మాట గుర్తొచ్చింది. ఇది నానమ్మలా దగ్గితే తాతయ్య మందు సీసా పట్టుకుని వచ్చేవారు.

"వినిపిస్తోందా?" అన్నాను. గుసగుసగా, నాలో నేను అనుకున్నట్టు.

గాజుకి అవతల అది తలూపింది.

లోపలి మైకు. పేషెంటు ఏం మాట్లాడినా బయట హెడ్‌ఫోన్స్‌లో వినపడటానికి పెట్టింది. ఆఖరి పేషెంటు వెళ్ళాక దాన్ని కట్టేయాలి. మూడు నెలలుగా నేను కట్టేయలేదు. మూడు నెలలుగా సాయంత్రం అయిదు నిమిషాలు ఈ తలుపు వేసుకుని, మా ఇంట్లో తలుపు వేసుకునే చోటు నాకు లేదు కనుక, ఇక్కడ గోడకి చెప్పుకుంటున్న మాట ఒకటే. నేను రాను. నేను ఆ ఊరు రాను.

తలుపు తెరిచాను. అది లేచి నిలబడింది.

"ఎప్పుడు చేశావే?"

"నువ్వు రిపోర్టుల మీద సంతకాలకి డాక్టరమ్మ గదిలోకి వెళ్ళినప్పుడు. నీ ఫోన్ డ్రాయర్లోనే ఉంటుంది కదా. పెట్టెలో తలుపు మూల రెండు గీతలు సిగ్నల్ వస్తుంది. చేసినవి లిస్టులోంచి తీసేశాను." హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. "రోజూ పెట్టెలో చెప్తావు. ఇంటికెళ్ళి చెప్పవు. అందుకే నేను చెప్పేశానమ్మా. నీలాగే."

"నీకు ఆ స్కూలు ఇష్టం లేకనా?"

"స్కూలు బాగానే ఉంది. లైబ్రరీకి తాళం లేదన్నావుగా." కళ్ళు తుడుచుకుంది. "అక్కడ నీకే ఏమీ లేదు."

నాలుగు నెలలు కూర్చుని నేను గీయని గడిని నా కూతురు గీసింది. దాని చెయ్యి పట్టుకున్నాను. "ఇంకెప్పుడూ నా మాట నువ్వు మోయకు. నాది నేను చెప్పుకుంటాను," అన్నాను.

నాలుగింటికి అయిదు నిమిషాలుండగా మా ఆయన వచ్చారు. వస్తూనే నా చేతిలో ఫోన్ లాక్కుని రికార్డింగ్ విన్నారు. ఒకసారి. రెండోసారి. కనుబొమలు ముడిపడ్డాయి.

"గొంతు నీదే. కానీ నువ్విలా మాట్లాడవు." నా వంకా, పెట్టె వంకా చూశారు. మొదటిసారి ఆయన మొహంలో భయం చూశాను. "ఎవరిది? ముందా స్కూలుకి ఫోన్ చేసి రద్దు ఆపించు. ఆపించి చెప్పు, ఎవరు చేశారీ పని?"

మా అమ్మాయి నోరు తెరిచింది. దాని భుజం మీద చెయ్యి వేసి నొక్కాను. గోడ మీద పెద్ద ముల్లు పన్నెండు మీదికి జరిగింది. నా చేతిలో ఫోన్ లేదు, నేను అడగనూ లేదు. పెట్టె తలుపు బార్లా తెరిచే ఉంది. వరండాలో కూర్చున్న పేషెంట్లందరికీ వినిపించేంత గట్టిగా చెప్పాను.

"నేనే."