సదాపాకు మీద ఆగస్టుగారి తీర్పు

ఆగస్టు ఒకటో తారీఖు పొద్దున్నే, పరగడుపున, నిమ్మకాయ పిండిన సదాపాకు సారా మూడు గుక్కలు తాగాలి. పరాగ్వే దేశంలోని మా అసున్సియోన్ బజారులో ఈ సంగతి కుక్కపిల్లక్కూడా తెలుసు. తాగనివాళ్ల కోసం ఆగస్టుగారు స్వయంగా వస్తారు. బూడిదరంగు కోటేసుకుని కూరల అంగళ్ల వైపు నుంచి నడిచొచ్చి, బక్కచిక్కిన గొడ్డునో మనిషినో తిరిగిరాని చోటికి వెంటబెట్టుకుపోతారు. బజారు జనం టోపీలు తీసి దారిస్తారు.

మందుమొక్కలమ్మే అక్కాచెల్లెళ్లు దియోలిందా, పోర్ఫిరియాలకి మాత్రం ఆ రోజంటే పోట్లాటే. పూలూ ఆకూ కచ్చాపచ్చాగా దంచి నెల్లాళ్లు చెరుకు సారాలో ఊరేస్తేనే సారం దిగుతుందని అక్క. మరగబెట్టి, ఆ కషాయంలో సారా కలిపితే చాలని చెల్లెలు.

"మరగబెడితే మందంతా ఆవిరైపోదుటే, మొద్దూ! ఇంటికప్పుకి తగ్గుతుంది జలుబు!"

"నీది ఊరేలోపు రోగి చస్తాడే అక్కా!"

మధ్యలో నలిగేది తమ్ముడు అబుందియో. మాకు ఆగస్టుతో ముగిసే చలికాలమంతా దగ్గి దగ్గి చొక్కా తొడిగిన కర్రలా అయ్యాడు. ఈ ఏడు ఎవరి గ్లాసు ముందు తాగాలో వాళ్లు తేల్చేలోపు, ఆకలికాగలేక రెండు చిపా రొట్టెలు తినేశాడు.

"తిన్నావుట్రా!" అక్కలిద్దరూ ఒక్కసారే అరిచారు. కడుపులో తిండి పడ్డాక ఏ సారా తాగినా దండగే. అప్పటికే బూడిదరంగు కోటు కూరల అంగళ్లు దాటి వచ్చేసింది.

"బయల్దేరదామా, నాయనా?" అన్నారు ఆగస్టుగారు.

పోర్ఫిరియా తమ్ముడికి అడ్డంగా నిలబడింది. తల్లి పోయాక వీణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. దియోలిందా నోరు మాత్రం భయంలోనూ ఊరుకోలేదు.

"వచ్చినవారు వచ్చారు. మా ఇద్దరిలో ఎవరి పద్ధతి మంచిదో చెప్పి కదలండి."

"నాకెవరు పోశారమ్మా ఇన్నేళ్లలో?" అన్నారాయన నొచ్చుకుంటూ. పొద్దుటినుంచీ పరగడుపునే ఉన్నారట, పాపం.

ఊరేసింది తాగారు. ఘాటన్నారు. మరిగించింది తాగారు. గొంతుకి హాయన్నారు. "మొదటిది మళ్లీ పోస్తేగానీ తేల్చలేను." పోశారు. రెండోదీ మళ్లీ పోశారు. "నిమ్మకాయ ఎవరు ఎక్కువ పిండారు?" అంటూ ఇంకోసారి. బుగ్గలకి రంగొచ్చింది, కోటు గుండీలు ఊడాయి. ఆయన వెంట వచ్చే చలిగాలి ఆగిపోయింది.

చివరికి తల గోక్కున్నారు. "నేనసలు ఎవరికోసం వచ్చానమ్మా?"

అబుందియో నిజాయితీగా నోరు తెరవబోయాడు. పోర్ఫిరియా వాడి కాలు తొక్కింది.

"తీర్పు చెప్పడానికండీ."

"చెప్పానా?"

"చెప్పారు. నాదే మేలన్నారు."

"అబద్ధం! నాదన్నారు!" అని లేచింది దియోలిందా.

వాళ్ల కేకలకి నవ్వుకుంటూ, తూలుతూ, ఒంటరిగానే నది వైపు వెళ్లిపోయారు ఆగస్టుగారు.

అబుందియో అటే చూస్తూ నిలబడ్డాడు. "అక్కా, నాకోసమే కదూ వచ్చింది?"

పోర్ఫిరియా వట్టి చేత్తోనే కళ్లు తుడుచుకుంది. "నీకోసం ఎవరొస్తార్రా, తిండిపోతు వెధవా! ఆ సీసాల మూతలు బిగించు. వచ్చే ఏటికి ఆయన వంతు తీసిపెట్టాలి."