ఎనభై అయిదు సెంటీమీటర్ల ఆరోగ్యం

జపాన్‌లోని నుమాజులో స్నానపు తొట్టెలకు మూతలు చేసే కంపెనీలో జూన్ వచ్చిందంటే అందరి చూపూ నడుముల మీదే. ఏటా జరిగే ఆరోగ్య పరీక్షలో మగవాడి నడుము ఎనభై అయిదు సెంటీమీటర్లు చేరిందా, 'మెటబో', అంటే పొట్ట పెరిగి జబ్బులకు దగ్గరైనవాడు, అన్న ముద్ర పడినట్టే. ఈసారి అధ్యక్షులవారు ఇంకో అడుగు ముందుకేసి, ఆ ముద్ర ఉన్నవాళ్లకు విభాగాధిపతి పదవి ఇవ్వనన్నారు.

ఆ పదవి మీద ఇద్దరు కన్నేశారు. ఉత్పత్తి సెక్షన్ చీఫ్ కజితాని, అమ్మకాల సెక్షన్ చీఫ్ హతొగాయ్. కజితాని పొట్టల నిర్మూలన ఉద్యమానికి నాయకుడు కూడా.

"ఏమయ్యా నుకుయీ, చొక్కాలో సుమో వీరుణ్ణి దాచావా?" అన్నాడు ఓసారి తన కింద పనిచేసే లావుపాటి నుకుయితో.

"రెండు గిన్నెల రామెన్ నూడుల్స్ సార్. మిగిల్చి ఉంటే మీకూ తెచ్చేవాణ్ణి."

పరీక్షకు ముందు కజితాని బీరు మానేశాడు, ఒళ్లు పెంచని కొన్యాకు దుంప ముక్కలు నమిలాడు. ఆ రోజు పొట్టను వెన్నెముకకు అంటించి నిలబడ్డాడు. టేపు ఎనభై నాలుగు దగ్గర ఆగింది. వెనకే హతొగాయ్, అదే విద్య. బయటికి రాగానే ఇద్దరూ ఎదురుగా ఉన్న రామెన్ కొట్లో దూరి, పొట్టలు వదిలేసి బీరు గ్లాసులెత్తారు. పరీక్షయ్యాక అలా చేయని మగవాడు ఆ కంపెనీలో లేడు.

ఫలితాలొచ్చాయి. "నా రక్తం శుభ్రంగా ఉందట!" అని నుకుయి క్యాంటీనంతా చాటాడు. రోజూ స్టేషన్ నుంచి నడిచొస్తాడతను. కజితానిని మాత్రం నర్సు ఉసామి పిలిపించింది.

"మీ నడుము అద్భుతం, కజితాని గారూ."

"అంతా క్రమశిక్షణండీ."

"ఆ కబురు మీ రక్తానికి ఇంకా అందలేదు. చక్కెర ఎక్కువ, కొవ్వు ఎక్కువ. ఒంట్లో వాపును పట్టిచ్చే సీఆర్‌పీ కూడా ఎక్కువే. ఈమధ్య జ్వరం, పంటినొప్పి ఏమైనా?"

"ఏమీ లేవే."

"ఉన్నాయంటారేమో, వాపుకు అదే కారణమవుతుందేమోనని ఆశపడ్డాను."

కజితానికి తండ్రి గుర్తొచ్చాడు. పక్షవాతం వచ్చాక, చెంచాతో పెట్టిన గంజి ఆయన పెదవి చివర నుంచి కారిపోయేది.

"మరి నన్ను మెటబోవాళ్లకు తిండీ వ్యాయామం నేర్పే ఆ సలహాల తరగతిలో వేయండి."

"అది నడుము దాటినవాళ్లకండీ. కాగితం ప్రకారం మీరు నిక్షేపంలా ఉన్నారు. కాగితాలు పైకి వెళ్లేది రేపు. కావాలంటే మళ్లీ కొలుస్తాను. ఈసారి ఊపిరి పీలుస్తూ."

కజితాని లేచి చొక్కా పైకెత్తాడు. ఉసామి టేపు చుట్టి, కిటికీ తెర సరిచేయాల్సినంత వంకరగా ఉన్నట్టు అటు తిరిగింది. ఆమె తిరిగేసరికి పొట్ట తన సొంత చోటికి వచ్చేసింది.

"తొంభై రెండు," అంది మెల్లగా. బార్లీ టీ పోసిచ్చింది.

పదవి హతొగాయ్‌కి దక్కింది. సన్మాన సభలో అతను పొట్ట బిగబట్టి, మొహం ఎర్రబడగా, ముక్కలు ముక్కలుగా కృతజ్ఞతలు చెప్పాడు. అధ్యక్షులవారు అది వినయమనుకున్నారు. కజితాని బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకుని, హాయిగా గాలి పీల్చి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.