ఎర్రదారం డబ్బా

మునివెంకటమ్మ చిన్న బాణలిలో గానుగనూనె పోసి, ఆవాలు చిట్లాక సొరకాయ ముక్కలు వేసింది. ఆ బాణలి మనవరాలు నయనది. ఇంకెవరి కూరా అందులో ఉడకకూడదు. బిడ్డకు సోయా పడదు. ఒక్క ముక్క నోట్లో పడినా పెదవులు వాచి, ఊపిరందదు. ఏం పాడు సరుకో, బిస్కెట్లోనూ అదే, అంగడి నూనెలోనూ అదే!

కూతురు ప్రేమ తెల్లవారకముందే వేమగల్ ఫ్యాక్టరీ బస్సెక్కింది. నయనను అంగన్‌వాడీలో దించి, మునివెంకటమ్మ హోటల్లో ఎంగిలి గిన్నెల ముందు కూర్చుంది. సబ్బునీళ్లకు వేళ్ల సందులు ఒరిసిపోయాయి. మోకాళ్లు మాట వినడం ఎప్పుడో మానేశాయి. బంగారు గనిలో దుమ్ము మింగిన మొగుడు పాపన్న ఈ కోరమండల్ గని కూలీల లైనింట్లోనే ఊపిరందక కొట్టుకుని పోయాడు. ఇంకొకరు అట్లా అల్లాడటం చూసే ఓపిక ఆమెకు లేదు.

పని ముగిశాక వంటమాస్టరు మునిశంకర్ పలావు పొట్లం అందించాడు.

"పాపకు పెట్టమ్మా. సోయా గీయా ఏమీ వేయలేదు. ఉత్త మీల్ మేకరే."

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! మీల్ మేకరంటే సోయానే కదప్పా," అని పొట్లం వెనక్కి తోసింది. కోపగించుకునే సత్తువ కూడా లేదు.

అంగన్‌వాడీ నుంచి నయనను ఇంటికి తెచ్చి, ముద్ద తినిపిస్తూ చెప్పింది. "ఎవురైనా సోయా లేదంటే నమ్మొద్దు. మీల్ మేకరు ఉండాదా అని అడగల్ల. ఏదీ, అను?"

"మీల్ మేకరు ఉండాదా?" అని పిల్ల నవ్వింది.

సాయంత్రానికి రాగిముద్ద, కూర నయనదని గుర్తుకు ఎర్రదారం కట్టిన డబ్బాలో సర్ది, బాణలి తోమి బోర్లించింది. "కాళ్లు లాగతా ఉండాయి, ఇంగ రవ్వంతసేపు పండుకుంటాను," అని చాపమీద వాలింది.

ప్రేమ వచ్చి లేపితే లేవలేదు. ఒళ్లు చల్లబడింది. పక్కన నయన అవ్వ కొంగు పట్టుకుని నిద్రపోతోంది.

చావింట్లో పొయ్యి రాజేయకూడదు. పక్కింటి రామక్క కళ్లు తుడుచుకుంటూ పళ్లెంలో పలావు తెచ్చింది.

"తినమ్మా నయనా. మీ అవ్వ చెప్పినట్టే సోయా వేయలేదు."

తల్లిమీద పడి ఏడుస్తున్న ప్రేమ తలెత్తలేదు.

"మీల్ మేకరు ఉండాదా?" అంది నయన.

"ఉండాది తల్లీ, తిను."

నయన పళ్లెం వెనక్కి తోసింది. ప్రేమ ఉలిక్కిపడి లేచి, కూతుర్ని ఒళ్లోకి లాక్కుని, డబ్బా మూత తీసింది. అమ్మ చేసిన ముద్ద చివరిదాకా తినిపించింది. "రేపు నీకు ఎవురు వండుతారే?" అని బావురుమంది.

పొయ్యి పక్కన చిన్న బాణలి బోర్లించినట్టే ఉంది. అంచు కింద తడి ఇంకా ఆరలేదు.