ఆగవే రైలమ్మా

రేవతి, వసుధ కుప్పం కాలేజీలో ఒకే బెంచీ. డిగ్రీ అయ్యాక ఇద్దరికీ బెంగుళూరులో ఒకే కంపెనీలో ఉద్యోగాలు దొరికాయి. తెల్లారకముందే గుడుపల్లె స్టేషన్లో రైలెక్కడం, పొద్దుగూకాక దిగడం. వసుధ వాళ్లది భూములున్న ఇల్లు. రేవతి తాత ఆ భూముల్లోనే కూలికి పోయినవాడు. ఊర్లో ఉన్నంతసేపూ రేవతి వసుధ వాళ్లింటి అరుగు దాటేది కాదు. రైల్లో మాత్రం ఇద్దరిదీ ఒకే టిఫిన్ డబ్బా.

వసుధ ఏనాడూ టైముకు వచ్చిన పాపాన పోలేదు. కదిలే రైలు వెంట పరిగెత్తి, రేవతి చెయ్యి పట్టుకుని ఎక్కేది. అట్లా ఒకరోజు ఎక్కి, ఆయాసం తీరకుండానే పాట కట్టింది.

"ఆగవే రైలమ్మా, అర నిమిషం ఆగవే
జడ అల్లుకోలేదు, సద్ది కట్టుకోలేదు..."

ఆడవాళ్ల పెట్టె మొత్తం చప్పట్లు. బంగారుపేట వచ్చేసరికి అందరి నోళ్లలోనూ అదే.

మదనపల్లెలో పెళ్లిళ్లకు సౌండు పెట్టే చరణ్ కూడా వాళ్ల క్లాసువాడే. ఫోన్లో ఆ పాట విని ఊరుకోలేకపోయాడు. "దీనికి బీటు పడితే కాళ్లు నిలవవు, రాండి" అన్నాడు. ఒక ఆదివారం ఇద్దరూ బస్సెక్కి పోయారు. టమోటా మార్కెట్ దగ్గర మిద్దె మీద గది, బయటి చప్పుడు రాకుండా గోడలకు బొంతలు వేలాడదీసుంటే ఉక్కపోత. వసుధ పాడింది, రేవతి వంత పాడింది. రికార్డు చేసుకుని, బీటు కట్టి వినిపిస్తానన్నాడు చరణ్.

ఆ లోపలే వానలు పట్టాయి. వానలతోపాటు డెంగీ. వసుధకు జ్వరం ముదిరి, బెంగుళూరు ఆసుపత్రికి తీసుకుపోతుంటే దోవలోనే ప్రాణం పోయింది.

రేవతి ఒక్కతే రైలెక్కుతూ వచ్చింది. ఆడవాళ్ల పెట్టెలో ఎవరూ పాడలేదు. పాడమని ఎవరూ అడగలేదు.

ఎండాకాలం మొదట్లో చరణ్ ఫోన్ చేశాడు. "పాట పూర్తయింది రేవతీ. బయటికి వదలమంటావా?"

"వాళ్లింట్లో అడగకుండా వద్దు" అంది.

అడగడానికి పోతే వసుధ నాన్న వెంకటరమణ అరుగు మీదనే ఉన్నాడు. విన్నాడు.

"బిడ్డ పోయి ఏడాది తిరగలేదు. దాని గొంతు పెట్టుకోని జనం ఎగురుతాంటే మేము సూడాల్నా? ఇది అడగను యాల వచ్చినావమ్మా?"

రేవతి లేచి వచ్చేసింది.

తర్వాత ఒక తెల్లవారుజామున స్టేషన్లో సుభద్రమ్మ కనిపించింది. వసుధ అమ్మ. కొంగు తల మీదికి కప్పుకుని బెంచీ మీద కూర్చుంది.

"ఆ పాట ఉండాదా నీ దగ్గిర? వినిపీ."

రైలొచ్చింది, పోయింది. రేవతి ఎక్కలేదు. చరణ్ పంపిన పాట పెట్టింది. సుభద్రమ్మ తల వంచుకుని చివరిదాకా వింది.

"ఇది నా బిడ్డ గొంతు కాదు. ఎవరో ఇస్త్రీ చేసినట్టుండాది."

రేవతి కాస్త ఆలోచించి, ఆ ఆదివారం తన ఫోన్లో పట్టుకున్నది పెట్టింది. అందులో వసుధ సగంలో మాట మరిచిపోయి, "అయ్యో, పోయింది చరణూ!" అని పకపకా నవ్వుతుంది. నవ్వు ఆపుకోబోతే ఇంకా వస్తుంది.

సుభద్రమ్మ చెయ్యి రేవతి మోకాలి మీద బిగుసుకుంది. "ఇంకోసారి పెట్టు." మళ్లీ పెట్టింది. మళ్లీ.

"ముఖమైతే ఫోటోలో సూసుకుంటాండాను. నవ్వు మాత్రం మరిచిపోతాండాను మే. ఎట్లా నవ్వేదో గుర్తుకు తెచ్చుకుందామంటే రాదు..." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఈ నవ్వు ఉంచి వదలమను. ఆయనతో నేను చెప్పుకుంటా. ఇంటికి రా, కాఫీ తాగి పోదువు."

ఆరోజు రేవతి మొదటిసారి ఆ ఇంటి వంటగదిలో కూర్చుంది.

తప్పు పాడినదాన్ని పాటలో ఎవరన్నా ఉంచుతారా అన్నాడు చరణ్. అయినా ఉంచాడు. నవ్వు దగ్గర డప్పులన్నీ ఆపేశాడు. నవ్వు అయిపోగానే మొత్తం ఒక్కసారిగా వచ్చి పడేటట్టు పెట్టాడు.

ఆ పాట సోమల ఆటోల్లోకి, పుంగనూరు బస్సుల్లోకి పాకిపోయింది. ఫోన్లలో పిల్లలు దానికి ఎగిరారు. నవ్వు వచ్చేదాకా అందరూ కాచుకునేవాళ్లు, వచ్చిందంటే కలిసి నవ్వేవాళ్లు. కుప్పంలో స్టేజీ ఎక్కి పాడమని రేవతిని పిలిచారు. ఆమె పోలేదు. వెంకటరమణ మాత్రం పాట పెట్టుకున్న బస్సు రోడ్డు మీద కనిపిస్తే మల్బరీ తోటలోకి దిగిపోయేవాడట.

పుంగనూరులో వసుధ వాళ్ల దగ్గరివాళ్ల పెళ్లి జరిగింది. సుభద్రమ్మ బలవంతం మీద రేవతి కూడా పోయింది. రిసెప్షన్లో సౌండువాడు తెలియక ఆ పాటే పెట్టాడు. పెళ్లికొడుకు మేనమామ పరిగెత్తాడు. "ఆపప్పా! వాళ్లు వచ్చుండారు!"

"యాల ఆపేది?" అంది సుభద్రమ్మ. "ఆడుకోనీ."

వెంకటరమణ లేచాడు. బయటికి పోతాడనుకున్నారు అందరూ. ఆయన నేరుగా పోయి స్పీకరు పక్కన నిలబడి, దాని మీద అరచెయ్యి ఆనించాడు.

"నువ్వూ పో" అని రేవతిని తట్టింది సుభద్రమ్మ.

"వసుధ లేకుండా ఎప్పుడూ ఆడలేదమ్మా."

"అది లేకుండా నేను అన్నం తింటాండా కదా. పో."

రేవతి పోయింది. మొదట ఓ పక్కన నిలబడింది. ఎవరో చిన్నపిల్ల చెయ్యి పట్టి లాగింది. అప్పుడు ఆడింది, నీళ్లు నిండి కళ్లు కనబడకుండా ఆడింది.

పాట అయిపోయి ఇంకేదో పాట మొదలైంది. వెంకటరమణ అక్కడే, స్పీకరు మీద చెయ్యి పెట్టుకుని నిలబడే ఉన్నాడు. సుభద్రమ్మ దగ్గరికి పోయి మెల్లగా చెప్పింది.

"రెండో బంతికి ఆకులేస్తాండారు. రాండి."

ఆయన తువ్వాలుతో ముఖం ఒత్తుకుని, ఆమె వెనకాలే భోజనాల వైపు నడిచాడు.