చలికాలం అద్దె

మా ఊళ్లో సరస్సు ఒడ్డున ఇల్లు చలికాలానికే అద్దెకు దొరుకుతుంది. సెప్టెంబరులో తాళాలిస్తారు, మే నెలాఖరుకు పుచ్చుకుంటారు. వేసవిలో ఆ ఇళ్ళన్నీ వారానికో కుటుంబం చొప్పున పట్నం వాళ్ళవి. గడ్డకట్టిన సరస్సు మాకు, ఈతలు కొట్టే సరస్సు వాళ్ళకు. ఊళ్లో సగంమందిమి సంసారాన్ని అట్టపెట్టెల్లో సర్దుకుని ఆ మూడు నెలలూ కొండ వెనక ట్రైలర్లలో, చక్రాల మీది రేకు ఇళ్ళలో, గడుపుతాం. అందులో ఎవరికీ సిగ్గులేదు. నాకు మాత్రం ఏటా మే వచ్చేసరికి ఒళ్ళు మండేది.

నా భార్య ఆర్డిస్ నవ్వేది. ఇంటికి సెలవులిచ్చారు, ఆటలాడుకోనీ అనేది.

ఈ ఏడు నవ్వలేదు. రెండేళ్ళుగా ఆమెకు మతిమరుపు జబ్బు. వంట మరిచిపోయింది, మా అమ్మాయి పేరు మరిచిపోయింది. సరస్సు ఒడ్డున మేముండే పసుపురంగు ఇంటిని మాత్రం మరవలేదు. ఏ గిన్నె ఎక్కడుందో కళ్ళు మూసుకుని తీసేది. ట్రైలర్లో తలుపు ఎటుందో తెలియక ఏడ్చేది. తెలిసిన ఇల్లే ఆమెకు మిగిలిన ఆసరా, మార్చవద్దని ఆమెను చూడ్డానికొచ్చే నర్సు చెప్పింది. ఆవిడా మే నెలలో పెట్టెలు సర్దుకునే మనిషే కనుక, చెప్పి తనే తల దించుకుంది.

ఇంటి యజమాని కుర్రవాడు, పేరు లిండ్‌క్విస్ట్. ఈ ఒక్క వేసవీ ఉండనిమ్మని అతని కాళ్ళావేళ్ళా పడ్డాను. అప్పటికే ఇల్లు ఆగస్టు దాకా ఇచ్చేశానన్నాడు.

జూన్‌లో నేను బట్టలుతికించుకు వచ్చేలోగా ఆర్డిస్ కొండ దిగి ఆ ఇంటికి వెళ్ళిపోయింది. దొడ్డి తలుపు తీసుకుని లోపలికెళ్ళి, తడికాళ్ళతో తిరుగుతున్న పరాయి పిల్లల్ని కసిరి, మంచమెక్కి పడుకుంది. ఆ పిల్లల తల్లి మంచిది, దుప్పటి కప్పి కూర్చుంది. తరవాతి వారం అద్దెకు దిగినవాళ్ళు అంత మంచివాళ్ళు కారు. ఆర్డిస్ మళ్ళీ వెళ్ళి స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకుంటే పోలీసుల్ని పిలిచారు.

ఆ సాయంత్రం లిండ్‌క్విస్ట్ ట్రైలర్‌కు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీరంటే నాకు గౌరవమే, వెర్నన్ గారూ. కానీ ఇంకోసారి ఇలా జరిగితే సెప్టెంబరులో తాళాలు మీకివ్వలేను" అన్నాడు.

లాగి ఒక్కటివ్వాలనిపించింది. కానీ ఆ ఇల్లు పోతే ఆర్డిస్‌కు ఇక ఏమీ ఉండదు. సరేనన్నాను.

మర్నాటి నుంచి రోజూ కాఫీ కాగానే ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ ఇంటి ఎదురుగా నిలబెట్టేవాణ్ణి. ఇది మనది కాదు, వేరేవాళ్ళది, లోపలికి వెళ్ళకూడదు అని చెవినిల్లు కట్టుకుని పోరాను.

"పిచ్చెక్కిందా నీకు? అది నా వంటిల్లు" అని చెయ్యి విదిలించుకునేది. మళ్ళీ మొదటినుంచీ చెప్పేవాణ్ణి. జులై చివరికి వాదించడం మానేసింది. ఆగస్టులో ఓ రోజు ఆ ఇంటి దగ్గరికి రాగానే తనే నా చొక్కా పట్టుకు లాగి, గబగబా దాటించింది. ఇల్లు నిలబెట్టానని పొంగిపోయి, ఆమెకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టాను.

సెప్టెంబరులో లిండ్‌క్విస్ట్ తాళాలు నా చేతిలో పెట్టాడు. పొయ్యి రాజేశాను. ఆమె కుర్చీ కిటికీ పక్కన వేశాను, ఆమె కుట్టిన బొంత మంచం మీద పరిచాను. అప్పుడు వెళ్ళి ఆమెను తీసుకొచ్చాను.

మెట్ల దగ్గర ఆగిపోయింది. తలుపు బార్లా తీశాను.

"రా ఆర్డిస్, ఇంటికొచ్చేశాం."

లోపలికి తొంగిచూసి గొంతు తగ్గించింది. "వేరేవాళ్ళది. వెళ్ళకూడదు."

వాళ్ళు వెళ్ళిపోయారని, ఇది మనదేనని చెప్పాను. కుర్చీ చూపించాను, బొంత తెచ్చి చూపించాను. బొంత బావుందంది. అంతే తప్ప మెట్టెక్కలేదు. ఏమీ తెలియని పసివాణ్ణి చూసినట్టు నావంక జాలిగా చూసి, నా చెయ్యి పట్టుకుంది.

"పద వెర్నన్, ఎవరైనా చూస్తే తిడతారు. మనింటికి పోదాం."

"మనిల్లు ఎక్కడ ఆర్డిస్?"

సరస్సు వైపు చూసింది, కొండ వైపు చూసింది.

"నీకూ తెలీదా?" అంది.

ఆ మెట్టు మీదే ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాను.